బురద చూసిన బండే కావాలి: పాత డిస్కవరీ 4 కొనుగోలు డైరీ

ఏప్రిల్: ఏ బండి, ఎందుకు

ల్యాండ్ రోవర్ డిస్కవరీ 4ను సెకండ్‌హ్యాండ్‌లో వెతికి, పరీక్షించి, కొని, అది ఏ పనికి తయారైందో ఆ పనికి మళ్లీ సిద్ధం చేయాలన్నది ఈ ప్రాజెక్టు. కొత్త ఫార్చ్యూనర్ ధరలో సగానికే దొరుకుతుందన్న ఆశ ఒక్కటే దీనికి కారణం కాదు. 2009 నుంచి 2016 వరకు తయారైన ఈ మోడల్‌కు మోనోకాక్ బాడీ (విడి ఛాసిస్ అవసరం లేకుండా తన బలం మీదే నిలిచే బాడీ) కింద నిచ్చెనలాంటి ఛాసిస్ కూడా ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన డిస్కవరీ 5 ఈ ఛాసిస్‌ను వదిలేసి అల్యూమినియం మోనోకాక్‌కు మారిపోయింది. రెండున్నర టన్నుల బరువునూ, దానికి తగ్గ డీజిల్ ఖర్చునూ భరించగలిగితే, ఏడుగురు కూర్చునే చోటు, వేగం తగ్గించి బలం పెంచి గుట్ట ఎక్కించే లో రేంజ్ గేర్లు, నేలను బట్టి పైకి లేచే ఎయిర్ సస్పెన్షన్ ఒకే బండిలో దొరుకుతాయి. ఇంజను 2993 సీసీ వీ6 డీజిల్. 600 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం) ఇస్తుంది.

బండికి 18 లక్షలు, మరమ్మతులకు ఆరు లక్షలు అని డబ్బును మొదటే రెండుగా విడదీశాను. రెండో మొత్తాన్ని బేరంలో కలపకూడదని నిర్ణయం. పదేళ్లు దాటిన విలాసవంతమైన బండిని అమ్మేవాడు సాధారణంగా దాని మీద రాబోయే ఖర్చును కూడా మనకు అప్పగిస్తాడు. ఆ ఖర్చు ఎంతో తెలియక కొన్నవాళ్లే ఏడాది తిరిగేలోపు అదే బండిని మళ్లీ అమ్మకానికి పెడుతుంటారు.

వెతికేది 2012 తర్వాతి మోడళ్లలో మాత్రమే. ఆ ఏడాది నుంచి వీటికి ఎనిమిది గేర్ల జడ్‌ఎఫ్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు, గుండ్రంగా తిప్పే గేరు సెలెక్టరు వచ్చాయి. అయితే 2014 మోడల్‌తో ఇంకో చిక్కు ఉంది. అప్పటి నుంచి కొన్ని దేశాలకు లో రేంజ్ లేని, ఒకే వేగపు ట్రాన్స్‌ఫర్ బాక్సుతో (ఇంజను బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) కూడా ఈ బండిని ఇచ్చారు. బయటి నుంచి చూస్తే తేడా ఏమాత్రం తెలియదు. గేరు సెలెక్టరు దగ్గర లో రేంజ్ స్విచ్చి ఉందో లేదో చూడాలి. అది లేకపోతే, ధర ఎంత తక్కువైనా ఆ బండి ఈ ప్రాజెక్టుకు పనికిరాదు.

మే: చూసి వదిలేసిన బండ్లు

జూబ్లీహిల్స్‌లోని ఒక షోరూములో ముత్యపు తెలుపు రంగు బండి కనిపించింది. తోలు సీట్ల మీద ముడత లేదు, బోనెట్ కింద పాలిష్ మెరుస్తోంది. చూపించిన కుర్రవాడు చెప్పిన మొదటి మాట, "సార్, ఈ బండి బురద ముఖం చూడలేదు. ఆఫీసు, ఇల్లు, ఎయిర్‌పోర్టు, అంతే." హైదరాబాదులో ఈ తరగతి బండ్లను అమ్మేవాళ్లందరూ ఇదే మాటను పెద్ద అర్హతగా చెబుతారు. నాకది హెచ్చరికగా వినిపిస్తుంది, ఎందుకో ఆ బండి దగ్గరే తేలింది.

బండిని ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, లో రేంజ్ స్విచ్చి నొక్కాను. డాష్‌బోర్డులో దీపం మిణుకుమంటూ ఉండిపోయింది. కింద నుంచి సన్నగా మోటారు మూలుగు వినిపించింది, ఆ తర్వాత ట్రాన్స్‌ఫర్ బాక్సు లోపమన్న సందేశం వచ్చింది. ఈ బండిలో రేంజ్ మార్చే పనినీ, మధ్య డిఫరెన్షియల్‌ను (ముందు, వెనక చక్రాల వేగాల తేడాను సర్దేది) బిగించే పనినీ ట్రాన్స్‌ఫర్ బాక్సు మీది విద్యుత్ మోటారే చేస్తుంది. బిగించే క్లచ్‌కు మామూలు రోడ్డు మీద కూడా ఎంతో కొంత పని తగులుతుంది. రేంజ్ మార్చే ఫోర్కు మాత్రం ఎవరైనా స్విచ్చి నొక్కితే తప్ప కదలదు. పదేళ్లపాటు ఎవరూ నొక్కకపోతే అది ఉన్నచోటే పట్టేస్తుంది. ఎయిర్ సస్పెన్షన్ వాల్వులదీ ఇదే కథ. ఎప్పుడూ ఒకే ఎత్తులో తిరిగిన బండిని ఒక్కసారి పూర్తిగా పైకి లేపమంటే, ఎండి గట్టిపడిన సీళ్లన్నీ అప్పుడే బయటపడతాయి. పైగా నగరపు ట్రాఫిక్‌లో గంటల తరబడి ఏసీతో నిలబడి తిరిగిన డీజిల్ ఇంజనుకు, మీటరు చూపించే కిలోమీటర్ల కన్నా ఎక్కువ వయసు ఉంటుంది. వాడకపోవడం ఈ బండికి ఆరోగ్యం కాదు. కుర్రవాడు మాత్రం "అది ఎవరు వాడతారు సార్" అని నవ్వేశాడు.

రెండోది ఢిల్లీ రిజిస్ట్రేషన్ బండి, ధర దాదాపు నాలుగు లక్షలు తక్కువ. తక్కువెందుకో అందరికీ తెలిసిందే. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కాలం చెల్లిన బండ్లకు ఇంధనం పోయకూడదన్న ఆంక్ష రాబోతోందన్న భయంతో అక్కడి పెద్ద డీజిల్ ఎస్‌యూవీలు దక్షిణాదికి వరస కట్టాయి. వాటిలో మంచివి లేవని కాదు. కానీ బండి కంప్యూటర్లను చదివే ఓబీడీ పోర్టుకు గ్యాప్ ఐఐడీ అనే పరీక్ష టూల్‌ను తగిలించి పాత ఫాల్టుల నమోదు తెరిచినప్పుడు, ఒక ఫాల్టు వచ్చిన నాటి ఓడోమీటరు అంకె ఇప్పుడు మీటరు చూపిస్తున్న దానికన్నా ఎక్కువగా ఉంది. మీటరును వెనక్కి తిప్పినవాడు బండిలోని కంప్యూటర్ మాడ్యూళ్ల జ్ఞాపకశక్తిని మరిచిపోయాడు. అక్కడితో ఆ బేరం ముగిసింది.

విశాఖపట్నం నుంచి ఫోటోలతో వచ్చిన మూడో బండిని చూడటానికి వెళ్లలేదు. ఛాసిస్ వెనక భాగాన్ని దగ్గరగా ఫోటో తీసి పంపమంటే, పంపిన ఫోటోలో పెయింటు కింద తుప్పు పొరలు పొరలుగా లేస్తోంది. సముద్రపు గాలిలో పదేళ్లు నిలిచిన ఛాసిస్ అది.

జూన్: కరీంనగర్ గ్రానైట్ బండి

కరీంనగర్ దగ్గర గ్రానైట్ క్వారీ నడిపే ఒక కంపెనీ తన 2014 డిస్కవరీని అమ్ముతోందని ఒక పాత మిత్రుడు చెప్పాడు. బంపరు మీద గీతలు, సైడ్ స్టెప్పు వంకర, బోనెట్ అంచున రాయి తగిలిన చిన్న చొట్ట కనిపించాయి. డ్రైవరు పెద్దాయన ఏదీ దాచలేదు. "సార్, గీ బండి ఇంట్ల కంటె క్వారీలనే ఎక్కువున్నది. వానకాలం లో గేర్ల పెట్టకుంటె పైకెక్కదు," అన్నాడు. నేను వెతుకుతున్నది సరిగ్గా ఇలాంటి బండినే.

చల్లని ఇంజనుతో మొదలుపెట్టడం నాకు తప్పనిసరి నియమం. ముందు రోజు సాయంత్రమే, తెల్లవారి నేను వచ్చేదాకా ఎవరూ స్టార్ట్ చేయవద్దని చెప్పి ఉంచాను. ముందుగా వేడిచేసి ఉంచిన డీజిల్ ఇంజను తన జబ్బులను దాచేస్తుంది. బోనెట్ మీద చెయ్యి పెట్టి చూసి, చల్లగా ఉన్నాకే తాళం అందుకున్నాను. మొదటి తిప్పుకే అందుకుంది. సన్నని బూడిద రంగు పొగ వచ్చి వెంటనే ఆగిపోయింది. నీలం పొగ రాలేదు. వేడెక్కేకొద్దీ ఇంజను శబ్దం సమంగా మారింది.

ఈ ఇంజను కుటుంబం విషయంలో కొనేవాళ్లందరికీ ఉండే భయం క్రాంక్‌షాఫ్టు బేరింగులు. 2.7, 3.0 లీటర్ల ఈ వీ6 డీజిల్ ఇంజన్లలో బేరింగు షెల్లులు తిరిగిపోవడం, క్రాంకు విరగడం ప్రపంచమంతా యజమానులు చర్చించుకున్న విషయమే. కారణాల మీద వాదోపవాదాలు ఎన్ని ఉన్నా, ఆయిల్‌ను ఎక్కువ దూరం నడపకపోవడం మంచిదన్న మాట దగ్గర అందరూ కలుస్తారు. మాన్యువల్‌లో రాసిన దూరానికి సగంలోనే మార్చేయడం చాలామంది యజమానులకు అలవాటు. కరీంనగర్ బండి రికార్డుల్లో ఆయిల్ మార్పులు దగ్గర దగ్గరగా కనిపించడంతో మొదటి ధైర్యం కలిగింది. క్వారీ దుమ్ముకు భయపడి వాళ్లు అలా చేయించారట.

రికార్డును నమ్మి అక్కడే ఆగలేదు. నా ఖర్చుతో హైదరాబాదులో ఆయిల్, ఫిల్టరు మార్పించి చూశాకే ధర మాట్లాడుకుందామని ఒప్పించాను. ల్యాండ్ రోవర్లు మాత్రమే చూసే ఒక చిన్న గ్యారేజీకి డ్రైవరు బండిని తెచ్చాడు. ఈ ఇంజనుకు ఆయిల్ ఫిల్టరు పైభాగంలోనే, ప్లాస్టిక్ కవరు కింద కప్పులో కూర్చుని ఉంటుంది. రేకు డబ్బాలా కాకుండా కాగితపు మడతల గుళికలా ఉంటుంది కాబట్టి కోసి విప్పడం తేలిక. ఉస్తాద్ దాన్ని బ్లేడుతో చీల్చి, మడతలను ఒక్కొక్కటిగా విప్పి తెల్లని ఎనామెల్ పళ్లెంలో పరిచాడు. పాలిథీన్‌లో చుట్టిన అయస్కాంతాన్ని వాటి మీద మెల్లగా తిప్పాడు. తర్వాత టార్చిని అడ్డంగా పట్టుకుని ఒక్కొక్క మడతను వంచి చూశాడు. అయస్కాంతానికి అంటేది ఇనుము మాత్రమే. బేరింగు షెల్లుల నుంచి రాలే పొట్టు అయస్కాంతానికి అంటదు, అడ్డంగా పడిన వెలుతురులో మిలమిలమంటూ కనిపిస్తుంది. మా పళ్లెంలో నల్లని మసి, రెండు కార్బన్ గుండ్లు తప్ప మెరుపేమీ లేదు. "సార్, గిది సాఫ్," అని ఉస్తాద్ చెయ్యి తుడుచుకున్నాడు. తీసిన ఆయిల్ నుంచి ఒక చిన్న సీసాను ప్రయోగశాలకు కూడా పంపాము. సీసం, రాగి, తగరం అంకెలు పెరిగి ఉంటే అవి బేరింగుల అరుగుదలను చెబుతాయి. రిపోర్టులో అవి సాధారణ స్థాయిలోనే ఉన్నాయి. సిలికాన్ కాస్త ఎక్కువగా ఉంది, అంటే దుమ్ము లోపలికి పోతోంది. ఆ దారి ఎక్కడుందో తర్వాతి భాగంలో రాస్తాను.

సస్పెన్షన్ పరీక్షకు ఒక రాత్రి పట్టింది. చక్రం మధ్య నుంచి ఫెండరు అంచు వరకు నాలుగు మూలలా టేపుతో కొలిచి, బండిని సమతలంపై ఉంచి, తెల్లవారి మళ్లీ కొలవాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ బండి ఆగి ఉన్నప్పుడు కూడా అప్పుడప్పుడు తనంతట తానే మేల్కొని, ఏ మూల తక్కువగా ఉందో ఆ ఎత్తుకు మిగతా మూడింటినీ దించేస్తుంది. కాబట్టి ఒక్క మూల లీకైనా తెల్లవారేసరికి బండంతా కుంగినట్టు కనిపించి, దోషం ఎక్కడుందో అంతుపట్టదు. అందుకని రాత్రికి సస్పెన్షన్ ఫ్యూజు తీసి ఉంచాము. తెల్లవారి ఎడమ వెనక మూల కొద్దిగా మాత్రమే దిగింది, మిగతావి కదల్లేదు. వాల్వ్ బ్లాకు జోడింపు మీద సబ్బునీళ్లు కొడితే సన్నని బుడగలు వచ్చాయి. ఎయిర్ స్ప్రింగు పగల్లేదు, జోడింపు దగ్గర ఉండే చిన్న కాలరు మాత్రమే పోయింది.

ఎక్కే దిగే ఎత్తు మామూలు కన్నా 50 మిల్లీమీటర్లు తక్కువ, ఆఫ్‌రోడ్ ఎత్తు 55 మిల్లీమీటర్లు ఎక్కువ. అంటే కింది నుంచి పైకి కంప్రెసరు 105 మిల్లీమీటర్ల మేర ఈ రెండున్నర టన్నులను లేపాలి. నిమిషానికి అటూ ఇటూగా లేచింది. ముసలి కంప్రెసరు అయితే మధ్యలోనే వేడెక్కి ఆగిపోతుంది.

సన్‌రూఫ్ మూలల్లో సీసాతో నీళ్లు పోసి చక్రాల వెనక నుంచి కారుతున్నాయో లేదో చూశాను. కారాయి. ఆ గొట్టాలు మూసుకుపోతే నీళ్లు ముందు స్తంభం లోపలి నుంచి కాళ్ల దగ్గరి తివాచీలోకి దిగుతాయి, అక్కడి వైరింగు ఖర్చు ఆకాశాన్నంటుతుంది. లిఫ్ట్ మీద ఎక్కించి చూస్తే ముందు చక్రాలను పట్టి ఉంచే లోయర్ ఆర్ముల రబ్బరు బుష్‌లు చీలి ఉన్నాయి, గేర్‌బాక్సు ప్లాస్టిక్ పాన్ అంచున ఆయిల్ చెమ్మ ఉంది, పార్కింగ్ బ్రేకు గట్టిగా కీచుమంటోంది. ఇవన్నీ వయసుకూ వాడకానికీ తగిన అరుగుదలలే.

రోడ్డు పరీక్షలో, రెండో టర్బో పనిలోకి వచ్చే సుమారు 2800 ఆర్‌పీఎం దాటించి ఖాళీ రోడ్డు మీద గట్టిగా లాగాను. తడబాటు లేదు, నల్లపొగ లేదు. తిరుగు దారిలో మట్టి బాట మీద ఆపి లో రేంజ్ నొక్కాను. దీపం రెండుసార్లు మిణికి స్థిరపడింది. కింద ఒకే ఒక్క టక్కుమన్న శబ్దం. జూబ్లీహిల్స్ బండి మెరుపు ముందు ఇది ఎంత వెలవెలబోతుందో తెలియదు కానీ, ఆ ఒక్క శబ్దం విని ఈ బండి కొనాలని నిశ్చయించుకున్నాను.

చేయవలసిన పనుల ఖర్చును కాగితం మీద రాసి మేనేజరు ముందు పెట్టాను. బుష్‌లు, గేర్‌బాక్సు సర్వీసు, టైమింగ్ బెల్టులు, టైర్లు అని లెక్క చూపాక ఆయన రెండు లక్షలు దించి పదహారున్నరకు ఒప్పుకున్నాడు. బంపరు గీతల ప్రస్తావన నేను తేలేదు. అందచందాల మీద బేరమాడితే, అసలు లెక్క మీద నమ్మకం తగ్గుతుంది.

జూన్ చివర: కాగితాలు

బండి తెలంగాణ రిజిస్ట్రేషన్‌దే కనుక వేరే రాష్ట్రపు బండికి కావలసిన ఎన్‌వోసీ గానీ, లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టే పని గానీ లేకపోయింది. ఢిల్లీ బండి ధర తక్కువని మురిసిపోయేవాళ్లు లెక్కలో కలపడం మరిచేది ఈ లైఫ్ ట్యాక్సునే. బండి అసలు ధర, వయసు చూసి వేసే ఆ పన్ను ఈ తరగతి బండ్లకు చిన్న మొత్తం కాదు.

అయితే అమ్మేది కంపెనీ. యాజమాన్యం మార్చే ఫారం 29, 30ల మీద సంతకం చేసే వ్యక్తికి కంపెనీ నుంచి అధికార పత్రం కావాలి, కంపెనీ ముద్ర పడాలి, ఇన్వాయిసు ఇవ్వాలి. జీఎస్‌టీ సంగతి వాళ్ల అకౌంటెంటుతో ముందే తేల్చుకున్నాను. జీఎస్‌టీ నమోదు ఉన్న సంస్థ పాత బండి అమ్మితే, తరుగుదల పోగా పుస్తకాల్లో మిగిలిన విలువకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీదే పన్ను. 2025 జనవరి నుంచి అన్నిటికీ 18 శాతం. పన్ను ఎంతైనా అది ఒప్పుకున్న ధరలోనే కలిసి ఉందని ఇన్వాయిసులో రాయించాను.

రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో నంబరు కొట్టి చూస్తే పాత బ్యాంకు రుణం ఇంకా కనిపిస్తోంది. అప్పు ఎప్పుడో తీరింది, కానీ హైపోథెకేషన్ (బండి మీద బ్యాంకు హక్కు నమోదు) తీసేయించే ఫారం 35 ఎవరూ పెట్టలేదు. మేనేజరు "అది మీరే చేయించుకోవచ్చు సార్" అన్నా, మొత్తం డబ్బు చేతులు మారకముందే వాళ్ల చేతే తీయించాను. బ్యాంకు ఇచ్చే నిరభ్యంతర పత్రానికి గడువు ఉంటుంది. అది దాటిపోతే మళ్లీ పాత ఖాతాదారు పేరుతోనే తెప్పించాలి. అమ్మేసిన మనిషికి ఆ శ్రద్ధ ఎందుకుంటుంది? ఇన్సూరెన్సులో నో క్లెయిమ్ బోనస్ పాత యజమానిదే, బండితో రాదు. పాలసీ మాత్రం నా పేరుకు మారింది. రిజిస్ట్రేషన్‌కు 2029లో పదిహేనేళ్లు నిండుతాయి. ఆ పైన ఫిట్‌నెస్ పరీక్షతో ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి.

జులై: మొదటి పనులు

అన్నిటికన్నా ముందు టైమింగ్ బెల్టులు. ఈ ఇంజనుకు ముందువైపు ఒకటి, వెనకవైపు హై ప్రెషర్ డీజిల్ పంపును తిప్పే చిన్నది ఇంకొకటి ఉంటాయి. చాలామంది ముందుదాన్ని మార్చి, వెనకది కనిపించదు కాబట్టి వదిలేస్తారు. రికార్డులో బెల్టు ఊసే లేదు, బండికి పదకొండేళ్లు నిండాయి. కాబట్టి దూరం ఎంత తిరిగిందన్న చర్చ అనవసరం. టెన్షనర్లతో సహా రెండూ మార్పించాను. ఈ మోడల్‌కు టర్బో పనులు పడితే చాలా గ్యారేజీలు బాడీని ఛాసిస్ నుంచి విడదీసి పైకి లేపేస్తాయి. వినడానికి భయంగా ఉన్నా, చేయి దూరని చోట రోజుల తరబడి పెనుగులాడటం కన్నా అదే శుభ్రమైన పని. బెల్టులకు మాత్రం ఆ అవసరం పడలేదు.

గేర్‌బాక్సు ఆయిల్ జీవితకాలం వస్తుందని చెప్పే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తయారు చేసిన జడ్‌ఎఫ్ సంస్థే 80 వేల నుంచి లక్షా ఇరవై వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఈ ఎనిమిది గేర్ల బాక్సులో ఫిల్టరు, ప్లాస్టిక్ పాన్‌లోనే కలిసి ఉంటుంది. కాబట్టి పాన్ మొత్తం మారుతుంది, అంచున కనిపించిన చెమ్మ కూడా దాంతోనే పోయింది. ఇక్కడ ఓపిక అవసరమైన పని నింపడం. ఇంజను నడుస్తుండగా, ఆయిల్ ఉష్ణోగ్రత 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే మట్టం చూడాలి. మన ఎండల్లో అది చూస్తుండగానే 50 దాటిపోతుంది. ఉస్తాద్ టూల్ తెర వైపు చూస్తూ, రంధ్రం నుంచి ధార సన్నగిల్లి చుక్కలుగా మారిన క్షణంలో బిరడా బిగించాడు. ట్రాన్స్‌ఫర్ బాక్సు, రెండు డిఫరెన్షియళ్ల ఆయిళ్లు కూడా మార్చాము. వెనక డిఫరెన్షియల్‌లో తీసిన నూనె నల్లగా ఉన్నా, ప్లగ్ అయస్కాంతానికి సన్నని ముద్ద తప్ప ముక్కలు అంటలేదు.

సిలికాన్ సంగతి: ఎయిర్ ఫిల్టరు పెట్టె మూత క్లిప్పుల్లో ఒకటి విరిగి, దాని స్థానంలో ఇనుప తీగ చుట్టి ఉంది. మూతకూ పెట్టెకూ మధ్య వేలిగోరు పట్టే సందు. ఫిల్టరు ఎంత మంచిదైనా దుమ్ము దాని పక్కనుంచే ఇంజనులోకి వెళుతుంది. పెట్టె మూత మార్చి, సీలు అంచున గ్రీజు రాసి, కొంత దూరం తిరిగాక తెరిచి గ్రీజు అవతల దుమ్ము గీత ఉందో లేదో చూశాము. లేదు.

పార్కింగ్ బ్రేకు వెనక డిస్కు లోపలి డ్రమ్ములో ఉండే షూలతో పనిచేస్తుంది. రాతి పొడి అందులో చేరి షూలను రంపంలా గీస్తోంది. మోటారు పాడైపోయిందని తేల్చి పెద్ద బిల్లు వేసే ముందు, డ్రమ్ము విప్పి కడిగి, సర్దుబాటు సరిచేయించడం మంచిది. మా బండిలో కీచుమన్న చప్పుడు అంతటితో పోయింది. బురదలోనో నీటిలోనో తిరిగి వచ్చినప్పుడల్లా ఇది కడిగించాలి.

ముందు లోయర్ ఆర్ములు బుష్‌లతో సహా కొత్తవి వేశాము. పాతవాటి నుంచి బుష్‌లను మాత్రమే కొట్టి తీయించి కొత్తవి ప్రెస్ చేయించవచ్చు, ఖర్చు సగం అవుతుంది. కానీ ఏడాదిలో మళ్లీ అదే పనికి, ఆ తర్వాత మళ్లీ అలైన్‌మెంటుకు డబ్బు పెట్టడం నాకు నచ్చలేదు. అలైన్‌మెంటు చేసే చోట ఒక జాగ్రత్త అవసరం. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండి ఎత్తు ముందు సరిగ్గా ఉందో లేదో చూడకుండా కోణాలు సరిచేస్తే, ఆ కోణాలన్నీ తప్పుడు ఎత్తుకు సరిపోతాయి.

ఇప్పటివరకు మరమ్మతు ఖాతాలోంచి మూడు లక్షల డెబ్బై వేలు పోయాయి. అందులో బెల్టులదీ గేర్‌బాక్సుదీ పెద్ద వాటా.

ఆగస్టు: పరిగి పొలంలో

అనంతగిరి కొండల అందం చూసి బండి నేరుగా అక్కడికి తిప్పాలని అందరికీ అనిపిస్తుంది. అది రిజర్వు అటవీ ప్రాంతం, బాట దాటి బండి నడపడం నేరం. మిత్రుని పొలం పరిగి వైపు ఉంది. దానిలో సగం ఎర్రనేల, సగం నల్లరేగడి, వెనక చిన్న రాతి గుట్ట. వానలు బాగా పడ్డ వారం చూసుకుని వెళ్లాను. వెంట మిత్రుని ట్రాక్టరు, బండిని లాగే మంచి పట్టీ, దాన్ని తగిలించే రెండు షాకిల్స్ ఉన్నాయి. రెండున్నర టన్నుల బండి రేగడిలో కూరుకుపోతే మనుషులు తోసేదేమీ ఉండదు.

టైర్లు రోడ్డువే కనుక గాలిని 25 పీఎస్ఐకి దించాను. నేలను బట్టి బండి తీరును మార్చే టెరైన్ రెస్పాన్స్‌ను బురద, చక్రాల గాడుల కార్యక్రమంలో పెట్టగానే సస్పెన్షన్ తనే ఆఫ్‌రోడ్ ఎత్తుకు లేచింది. నేలకూ బండికీ మధ్య ఎత్తు మామూలుగా 185 మిల్లీమీటర్లు, ఇప్పుడు 240. రేగడిలో తేలిన విషయం ఏమిటంటే, ఈ బండి బలం కన్నా టైరు గాడులే అసలు హద్దు. గాడులు మట్టితో నిండి టైరు నున్నగా మారాక, 600 న్యూటన్ మీటర్లు చక్రాన్ని తిప్పడానికే పనికొస్తాయి గానీ బండిని కదపడానికి కాదు. వేగం తగ్గకుండా, యాక్సిలరేటరు పెంచకుండా స్థిరంగా దాటించడమే మార్గం. ఒక చోట ఆగబోయింది. స్టీరింగును అటూ ఇటూ కొద్దిగా కదిపితే ముందు చక్రాల అంచులు గట్టు మట్టిని పట్టుకుని బయటికి లాగాయి.

గుట్ట దగ్గర మాత్రం బండి తన పుట్టుకకు న్యాయం చేసింది. రాళ్ల మీద మెల్లగా పాకించే రాక్ క్రాల్ కార్యక్రమం, లో రేంజ్‌లోనే అందుబాటులోకి వస్తుంది. అడ్డంగా కోసుకుపోయిన వాగు దగ్గర ముందు కుడి చక్రం, వెనక ఎడమ చక్రం గాలిలో లేచాయి. క్షణం సేపు లేచిన చక్రం ఖాళీగా తిరిగింది. బ్రేకులు టకటకమని దాన్ని పట్టి ఆపాయి, బలం నేల మీదున్న చక్రాలకు మళ్లింది. బండి ఏ కుదుపూ లేకుండా, మనిషి నడక కన్నా నెమ్మదిగా అవతలికి ఎక్కింది. దిగేటప్పుడు వేగాన్ని తనే పట్టి ఉంచే హిల్ డిసెంట్ కంట్రోల్‌ను పెట్టి కాళ్లు రెండూ పెడళ్ల నుంచి తీసేశాను. మొదటిసారి అలా చేయడానికి గుండె నిబ్బరం కావాలి. మట్టి కట్ట మీద ఒకసారి పొట్ట ఆనింది. బండి అది గుర్తించి సస్పెన్షన్‌ను మామూలు ఆఫ్‌రోడ్ ఎత్తుకు మించి ఇంకొంచెం పెంచుకుని విడిపించుకుంది. ఆ వాల్వులకు క్వారీలో ఇదంతా అలవాటే కాబట్టి ఒక్క ఫాల్టు సందేశమూ రాలేదు.

నీటి పరీక్ష చేయలేదు. పుస్తకంలో 700 మిల్లీమీటర్ల లోతు దాకా పోవచ్చని ఉంది. పదకొండేళ్ల తలుపు సీళ్లను, బ్రీదర్ గొట్టాలను ఒక్కొక్కటి చూసుకున్నాకే ఆ మాట.

ఇంటికి తిరిగి వచ్చే ముందు టైర్ల గాలి నింపి, గ్యారేజీలో కింద భాగమంతా కడిగించాను. డ్రమ్ముల్లోంచి ఎర్రనీళ్లు చాలాసేపు వచ్చాయి.

మిగిలిన పనులు

సస్పెన్షన్ జోడింపు దగ్గరి లీకు కాలరు మార్చడంతో ఆగింది, రాత్రంతా నాలుగు మూలలూ కదలడం లేదు. కింద వేలాడే స్టెప్నీ చక్రాన్ని దించే తీగ చుట్ట సగం దూరం దిగి ఆగుతోంది. నట్టడవిలో పంక్చరైతే తెలిసే బాధ అది, వచ్చే వారం దాన్ని విప్పించాలి. లో రేంజ్‌ను, సస్పెన్షన్ మూడు ఎత్తులను నెలకొక్కసారైనా వాడాలని గ్యారేజీ గోడ మీది సర్వీసు చార్టులో రాయించాను. ఊళ్లో ఉన్నా, మట్టి ఉన్న ఖాళీ స్థలంలోనైనా అది చేయవచ్చు.

ఇక టైర్లు. 3.0 లీటర్ల బండి ముందు బ్రేకులకు 19 అంగుళాల కన్నా చిన్న రిమ్ములు సాధారణంగా పట్టవు కాబట్టి, 255/55 ఆర్19 కొలతలోనే ఆల్ టెరైన్ రకం వెతకాలి. ఆ కొలతలో దొరికేవి తక్కువ, అందులోనూ బరువు మోసే శక్తి తక్కువ ఉన్నవాటిని ధర చూపించి అంటగట్టాలని చూస్తారు. లోడ్ ఇండెక్స్ 111 కన్నా తగ్గితే తీసుకోనని, ఏ వారంలో తయారైందో టైరు మీది నాలుగంకెల సంఖ్య చూశాకే డబ్బు ఇస్తానని షాపువాడికి చెప్పి, ఐదింటికి ఆర్డరు పెట్టాను.